నిన్నటి కారణం, నేటి ఫలితం: ఆంగ్లంలో మిశ్రమ షరతు వాక్యాలు

ఒక పని జరగడం మరొక పని జరగడం మీద ఆధారపడి ఉందని చెప్పే వాక్యాన్ని షరతు వాక్యం అంటారు. ఆంగ్లంలో దీనికి సాధారణంగా ‘ఇఫ్’ అనే మాటను వాడతారు. ఆ మాట ఉన్న భాగాన్ని బడిలో ఇఫ్ క్లాజ్ అనీ, ఫలితాన్ని చెప్పే భాగాన్ని మెయిన్ క్లాజ్ అనీ పిలుస్తారు. తెలుగులో విడిగా అలాంటి మాట అవసరం లేకుండా క్రియ చివర చేరే ‘తే’, ‘ఇతే’ అనే ప్రత్యయాలే ఆ పని చేస్తాయి; ‘వస్తే’, ‘పడితే’, ‘చదివితే’ అనే ఇలాంటి రూపాలకు వ్యాకరణంలో చేదర్థకమని పేరు. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని అర్థం కనుక ఆ పేరు వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి నేటి ఉన్నత పాఠశాలల తెలుగు వాచకాల దాకా అది కొనసాగుతూనే ఉంది. ఆదిలాబాదు జిల్లాలోని బోథ్ వంటి మండల కేంద్రంలో చదివే విద్యార్థి పొద్దున తెలుగు పీరియడ్‌లో చేదర్థకాన్ని గుర్తించి, మధ్యాహ్నం ఇంగ్లీషు పీరియడ్‌లో ఇఫ్ క్లాజ్‌ను బట్టీపట్టి, ఈ రెండూ ఒకే ఆలోచనకు రెండు భాషలు కట్టిన రూపాలని ఎవరూ చెప్పకుండానే పదో తరగతి దాటుతుంటాడు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టిన తరువాత, ఈ రెండు పీరియడ్ల మధ్య ఉన్న ఎడం మరింత స్పష్టంగా కనిపిస్తున్నది.

షరతు వాక్యాలను బడిలో టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ అని మూడు రకాలుగా చెబుతారు. జరగడానికి వీలున్నదాన్ని చెప్పేది మొదటిది. ఇప్పుడు లేనిదాన్ని ఉన్నట్టు ఊహించేది రెండోది. గతంలో జరగనిదాన్ని జరిగినట్టు, జరిగినదాన్ని జరగనట్టు ఊహించేది మూడోది. క్రియారూపాలను వీ వన్, వీ టూ, వీ త్రీ అని లెక్కపెట్టే అలవాటు మన తరగతి గదుల్లో బలంగా ఉంది కాబట్టి, టైప్ టూ అంటే ఇఫ్ వైపు వీ టూ, ఫలితం వైపు వుడ్ పక్కన వీ వన్ అనీ, టైప్ త్రీ అంటే ఇఫ్ వైపు హ్యాడ్ పక్కన వీ త్రీ, ఫలితం వైపు వుడ్ హ్యావ్ పక్కన వీ త్రీ అనీ విద్యార్థులు ఎక్కాల మాదిరిగా ఒప్పజెబుతారు. పరీక్షలో బిట్లకు ఇది సరిపోతుంది. అయితే ఈ సూత్రం తనతోపాటు ఒక తప్పుడు నమ్మకాన్ని కూడా నేర్పుతుంది. వాక్యంలోని రెండు భాగాలూ ఎప్పుడూ ఒకే కాలానికి చెందాలన్నదే ఆ నమ్మకం. కారణం ఒక కాలానిదై, ఫలితం మరొక కాలానిదైనప్పుడు ఆంగ్లంలో ఒక భాగాన్ని ఒక రకం నుంచి, రెండో భాగాన్ని మరొక రకం నుంచి తీసుకొని కట్టే వాక్యమే మిశ్రమ షరతు వాక్యం, బడి పరిభాషలో మిక్స్‌డ్ కండిషనల్.

ఈ పేరు కొంత దారి తప్పించేదే. ఇందులో నిజానికి కలిసిపోయేది ఏదీ లేదు. ప్రతి భాగమూ తన కాలాన్ని తాను మోస్తుంది, అంతే. రాండాల్ఫ్ క్వర్క్, ఆయన సహచరులు ముగ్గురు కలిసి 1985లో వెలువరించిన సమగ్ర ఆంగ్ల వ్యాకరణం షరతులను ప్రధానంగా రెండుగానే చూసింది: జరిగిందో లేదో, జరుగుతుందో లేదో తేల్చకుండా వదిలేసే షరతు ఒకటి, వాస్తవం కాదని ముందే తెలిసిన ఊహాత్మక షరతు మరొకటి. మొదట ఈ తేడా పట్టుబడి, ఆ తరువాత ప్రతి భాగానికీ కాలం విడిగా తేలితే, మూడు రకాల లెక్కతో పెద్దగా పనే ఉండదు.

బోథ్ ప్రాంతంలో రోజూ వినిపించే ఒక చిన్న వాక్యాన్ని తీసుకుంటే విషయం తేటపడుతుంది. ‘పైసలుంటే ట్రాక్టర్ కొంటుండె’ అని ఒక రైతును గురించి పొరుగువాడు అన్నాడనుకుంటే, ఆ రైతు దగ్గర పైసలు లేవనీ, ట్రాక్టర్ కొనలేదనీ తెలుగు విన్నవారికి వెంటనే తెలుస్తుంది; పైసలు లేనిది ఇప్పుడా, నిరుడు ట్రాక్టర్ బేరానికి వచ్చినప్పుడా అన్నది మాత్రం ఆ వాక్యం చెప్పదు. గ్రాంథికచ్ఛాయ గల తెలుగులో ‘కొనేవాడు’, ‘కొని ఉండేవాడు’ అని తేడా చూపే వీలుంది కానీ, వాడుకలో ఒక్క ‘కొంటుండె’, లేదా ‘కొనేవాడు’ రెంటికీ సరిపోతుంది; మిగిలిన సంగతిని ‘ఇయ్యాల’, ‘నిరుడు’ అనే మాటలో, సందర్భమో చూసుకుంటుంది. ఆంగ్లం ఈ వెసులుబాటు ఇవ్వదు. ఇప్పుడు పైసలుంటే ఇప్పుడు కొనేవాడన్న అర్థానికి ‘ఇఫ్ హి హ్యాడ్ మనీ, హి వుడ్ బై ఎ ట్రాక్టర్’ అనాలి. నిరుడు ఆ బేరం నాడు పైసలుంటే నిరుడే కొని ఉండేవాడన్న అర్థానికి ‘ఇఫ్ హి హ్యాడ్ హ్యాడ్ మనీ, హి వుడ్ హ్యావ్ బాట్ ఎ ట్రాక్టర్’ అనాలి. ఇక్కడ హ్యాడ్ రెండుసార్లు రావడం చెవికి పొరపాటులా తోచినా వ్యాకరణం దాన్నే కోరుతుంది. నిరుడు పైసలు కూడబెట్టి ఉంటే ఈ రోజు ట్రాక్టర్ ఇంటి ముందు ఉండేదన్నప్పుడు ‘ఇఫ్ హి హ్యాడ్ సేవ్డ్ మనీ లాస్ట్ ఇయర్, హి వుడ్ హ్యావ్ ఎ ట్రాక్టర్ నౌ’ అవుతుంది. చేతిలో ఎప్పుడూ పైసలాడే మనిషే అయితే నిరుడే కొని ఉండేవాడన్నప్పుడు ‘ఇఫ్ హి వర్ ఎ రిచ్ మ్యాన్, హి వుడ్ హ్యావ్ బాట్ వన్ లాస్ట్ ఇయర్’ అవుతుంది. చివరి రెండూ మిశ్రమ వాక్యాలు. తెలుగు విద్యార్థికి ఈ నాలుగు ఆలోచనల్లో ఏదీ కొత్తది కాదు; ‘కొంటుండె’, ‘ఉంటుండె’ అనే ఒకే తీరు రూపం వెనుక ఈ నాలుగూ ఒదిగి ఉన్నాయని అతనికి ఎవరూ విప్పి చూపకపోవడమే అసలు చిక్కు.

ఇంతకీ ‘ఇఫ్ హి హ్యాడ్ మనీ’ అనే వాక్యంలో సంగతి ఇప్పటిదైతే క్రియ భూతకాలంలో ఎందుకుందన్న సందేహం తెలివైన విద్యార్థికి తప్పక వస్తుంది. ఆంగ్లంలో భూతకాల రూపం గడిచిన కాలాన్నే కాక, వాస్తవానికి దూరంగా ఉన్న సంగతిని కూడా సూచిస్తుందన్నది దీనికి జవాబు. ఇప్పటి అవాస్తవానికి ఒక అడుగు వెనక్కి వేసి వీ టూ వాడతారు. గతంలోని అవాస్తవానికి మరో అడుగు వెనక్కి వేసి హ్యాడ్ పక్కన వీ త్రీ వాడతారు. ఇది ఆంగ్లానికే చెల్లిన వింత అనుకోవడం సరికాదు. ‘వాడు రోజూ బడికి వచ్చేవాడు’ అన్నప్పుడు గతంలోని అలవాటును చెప్పే రూపమే, ‘ఒంట్లో బాగుంటే వాడు బడికి వచ్చేవాడు’ అన్నప్పుడు జరగని సంగతిని చెబుతున్నది. విచిత్రమేమిటంటే ఆంగ్లంలోని ‘వుడ్’ కూడా సరిగ్గా ఈ రెండు పనులే చేస్తుంది: ‘హి వుడ్ కమ్ ఎవ్రీ డే’ అంటే రోజూ వచ్చేవాడని అలవాటు, ‘హి వుడ్ కమ్ ఇఫ్ హి వర్ వెల్’ అంటే ఒంట్లో బాగుంటే వచ్చేవాడని ఊహ. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఈ ఒక్క చోట ఇంత దగ్గరగా నడుస్తుండగా, ఇంగ్లీషు వ్యాకరణం తెలుగువాడి బుద్ధికి పరాయిదన్న భయాన్ని పిల్లల్లో నాటడం అనవసరం.

గతంలోని కారణానికి వర్తమానంలోని ఫలితం, మిశ్రమ వాక్యాల్లో ఎక్కువగా వినిపించే రకం. దీనికి బోథ్ చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉంది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం హైదరాబాదు రాష్ట్రాన్ని విభజించినప్పుడు, ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలతోపాటు బోథ్ తాలూకాకు చెందిన ఇస్లాపూర్ సర్కిల్‌ను కూడా అప్పటి బొంబాయి రాష్ట్రంలో చేర్చింది. అటునుంచి నాందేడ్ జిల్లాలోని ముథోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు ఇటు వచ్చాయి. 1960లో మహారాష్ట్ర ఏర్పడడంతో ఇస్లాపూర్ ఆ రాష్ట్రంలో భాగమయింది. ఆ గీత అలా గీయకపోయి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు సహజమైన ఆంగ్ల వాక్యం ఇది: ‘ఇఫ్ ఇస్లాపూర్ హ్యాడ్ స్టేడ్ ఇన్ బోథ్ తాలూకా ఇన్ 1956, ఇట్ వుడ్ బి ఇన్ తెలంగాణ టుడే.’ మొదటి సగం 1956 నాటి ముగిసిపోయిన చర్య కాబట్టి ‘హ్యాడ్ స్టేడ్’; రెండో సగం నేటి స్థితి కాబట్టి ‘వుడ్ బి’. టైప్ త్రీ సూత్రాన్ని గుడ్డిగా పట్టుకొని రెండో సగంలో ‘వుడ్ హ్యావ్ బీన్’ అన్నవాడు ఆ ఊరు ఎప్పుడో ఒకప్పుడు తెలంగాణలో ఉండి ఉండేదన్నట్టు గతానికి తీసుకుపోతాడు. ‘టుడే’ అనే మాట ఆ గతంతో పొసగక పక్కన నిలబడిపోతుంది. 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు జిల్లాను నాలుగు జిల్లాలుగా విడగొట్టిన సంగతికి కూడా ఇదే వరస పనికొస్తుంది: ‘ఇఫ్ ద డిస్ట్రిక్ట్ హ్యాడ్ నాట్ బీన్ డివైడెడ్, నిర్మల్ వుడ్ స్టిల్ బి ఇన్ ఆదిలాబాద్ డిస్ట్రిక్ట్.’ ఇక్కడ ‘స్టిల్’, అంటే ‘ఇప్పటికీ’ అనే చిన్న మాట ఫలితం వర్తమానంలో ఉందని చాటుతున్నది.

ఊహాత్మక షరతు ఎప్పుడూ వాస్తవాన్ని తిరగేసి చెబుతుందని ఈ ఉదాహరణల్లో గమనించవచ్చు: వాక్యంలో ‘నాట్’ ఉంటే పని జరిగిందని, ‘నాట్’ లేకపోతే జరగలేదని అర్థం. బోథ్ అడవుల పక్కగా సాగి కుంటాల జలపాతం మీదుగా దిగే కడెం వాగు మీద, దిగువన ఉన్న కడెం ప్రాజెక్టుకు 2022 జులైలో గేట్లు వదలగలిగిన నీటికంటే ఎక్కువ వరద వచ్చింది. పద్దెనిమిది గేట్లలో ఒకటి ఎత్తడానికి వీలుపడకపోయినా కట్ట నిలిచింది, దిగువ ఊళ్లూ నిలిచాయి. ‘ఇఫ్ ద డ్యామ్ హ్యాడ్ బ్రోకెన్, సమ్ ఆఫ్ దోజ్ విలేజెస్ వుడ్ నాట్ బి దేర్ టుడే’ అన్న వాక్యంలో కట్ట తెగలేదన్న నిజం, ఊళ్లు ఉన్నాయన్న నిజం, రెండూ తలకిందులై కనిపిస్తాయి. తలకిందులైన ఆ రెండు నిజాలను మళ్లీ నిలబెట్టి చూడగలిగిన విద్యార్థికి వాక్యం అర్థమయినట్టే.

రెండో రకం, అంటే ఎప్పుడూ ఉండే స్థితి కారణమై గతంలోని ఒక సంఘటన ఫలితమయ్యే రకం, తక్కువగా వినిపించినా మరింత సూక్ష్మమైనది. గైడ్లు దీన్ని ఒక్క ఉదాహరణతో దాటేయడం న్యాయం కాదు. గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ, తెలుగు కలిసి వినిపించే ఈ ప్రాంతపు బడికి గోండి రాని ఒక ఉపాధ్యాయురాలు వచ్చిందనీ, నిన్న ఒక పిల్లవాడి నాయనమ్మ బడికి వచ్చి గోండిలో చెప్పిన మాట ఆమెకు అర్థం కాలేదనీ ఊహించవచ్చు. దీనికి ఆంగ్ల వాక్యం ‘ఇఫ్ ద టీచర్ స్పోక్ గోండి, షి వుడ్ హ్యావ్ అండర్‌స్టుడ్ ద ఓల్డ్ ఉమన్ యెస్టర్డే’ అవుతుంది. ఇక్కడ ‘స్పోక్’ అన్నది నిన్నటి పని కాదు. ఆమెకు గోండి వచ్చి ఉండడమనే, నిన్నా నేడూ ఒకేలా ఉన్న స్థితి. అదే చోట ‘హ్యాడ్ స్పోకెన్’ అంటే అర్థం మారిపోయే వీలుంది. ఆమెకు గోండి వచ్చే ఉన్నా నిన్న ఆ ముసలమ్మతో గోండిలో మాట్లాడలేదన్న నింద కూడా అందులో వినిపించవచ్చు. ఒక్క సహాయక క్రియ చేరడంతో భాష రాకపోవడం కాస్తా మర్యాద లేకపోవడంగా మారిపోవచ్చు. తెలుగులో ఈ తేడాను ‘గోండి వస్తే’, ‘గోండిలో మాట్లాడి ఉంటే’ అని రెండు వేర్వేరు క్రియలతో చూపుతారు కాబట్టి, ఆంగ్లంలో ఒకే క్రియ తన రూపం మార్చుకొని ఈ రెండు అర్థాలను చూపుతుందన్న సంగతి తెలుగు విద్యార్థికి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంటుంది.

ఫలితం ఖాయమని చెప్పలేనప్పుడు ‘వుడ్’ స్థానంలో ‘మైట్’, వీలును మాత్రమే చెప్పదలచినప్పుడు ‘కుడ్’ వాడతారు. చరిత్రను గురించి ఊహించేటప్పుడు ‘మైట్’ చాలా నిజాయితీ గల మాట. 1943లో ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనప్పుడు, మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ చొరవతో తయారైన గోండి వాచకాలను దేవనాగరి లిపిలో రాశారు. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో గోండిని సొంత లిపిలో రాసుకున్న చేతిరాత ప్రతులు బయటి ప్రపంచానికి తెలిసింది 2006 ప్రాంతంలో. ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది 2018లో. ‘ఇఫ్ ద గుంజాల మాన్యుస్క్రిప్ట్స్ హ్యాడ్ బీన్ నోన్ ఇన్ 1943, గోండు చిల్డ్రన్ మైట్ బి రీడింగ్ దట్ స్క్రిప్ట్ నౌ’ అన్న వాక్యం, ఆ పిల్లలు ఇప్పుడు ఆ లిపి చదువుతూ ఉండేవారేమో అని మాత్రమే అంటుంది. తెలుగులో ‘ఏమో’ చేసే పనిని ఇక్కడ ‘మైట్’ చేస్తున్నది. ‘బి రీడింగ్’ అన్న సాగుతున్న పనిని తెలిపే రూపం కూడా మిశ్రమ వాక్యంలో నిరభ్యంతరంగా ఇమిడిపోతుందని దీనివల్ల తెలుస్తున్నది.

చుట్టుపక్కల భాషలు ఈ విషయంలో ఎలా నడుస్తాయో చూడడం బోథ్ విద్యార్థికి ప్రయోజనకరం, ఎందుకంటే అతని ఇంట్లోనో పక్కింట్లోనో ఆ భాషలు ఉన్నాయి. మరాఠీలో ‘జర్ పాఊస్ పడలా అసతా తర్ పీక్ ఆలే అసతే’ అంటే, వాన పడి ఉంటే పంట వచ్చి ఉండేదని అర్థం. ‘అసతా’, ‘అసతే’ అని అవాస్తవాన్ని తెలిపే గుర్తు రెండు భాగాల్లోనూ ఉంది. ఉర్దూలో ‘అగర్ బారిష్ హోతీ తో ఫసల్ అచ్ఛీ హోతీ’ అన్నా అంతే, రెండు వైపులా ‘హోతీ’. సంస్కృతంలో ఇలాంటి జరగని పనికి లృఙ్ అనే ప్రత్యేక లకారాన్నే పాణిని విధించాడు. దాన్ని క్రియాతిపత్తి అంటారు, అంటే క్రియ నెరవేరకపోవడమని. మంచి వాన కురిసి ఉంటే సుభిక్షమయ్యేదన్నది దానికి పాఠశాలల్లో తరతరాలుగా చెబుతున్న ఉదాహరణ. అక్కడ కూడా రెండు క్రియలూ లృఙ్‌లోనే ఉంటాయి. వానకూ షరతుకూ ఈ దేశంలో ఎంత పాత చుట్టరికమో! ఆంగ్లం దీనికి భిన్నంగా ఒక వైపు ‘హ్యాడ్’, మరొక వైపు ‘వుడ్’ అని గుర్తులను వేరు చేస్తుంది. రెండు వైపులా ఒకే గుర్తు ఉండే భాషలకు అలవాటుపడిన చెవి ఆంగ్లంలో కూడా రెండు వైపులా ‘వుడ్’ వాడి, ‘ఇఫ్ ఇట్ వుడ్ హ్యావ్ రైన్డ్’ అనడంలో ఆశ్చర్యం లేదు. అమెరికాలో ఆంగ్లం మాతృభాషగా గలవారు కూడా మాటల్లో అలా అనడం ఉంది. అయినా రాతలోనూ పరీక్షలోనూ అది తప్పుగానే లెక్కకు వస్తుంది.

తెలుగువారిలో ఎక్కువగా వినిపించే పొరపాటు మాత్రం వేరు. ‘బాగా చదివి ఉంటే ఇప్పుడు డాక్టర్ అయ్యేవాడు’ అన్న ఆలోచనను ‘ఇఫ్ హి హ్యాడ్ స్టడీడ్ వెల్, హి వుడ్ హ్యావ్ బీన్ ఎ డాక్టర్ నౌ’ అని చెప్పడం మన దగ్గర పరిపాటి. ‘నౌ’ ఉన్నచోట ‘వుడ్ బి ఎ డాక్టర్’ అనాలి. ‘ఈపాటికి డాక్టర్ అయిపోయి ఉండేవాడు’ అన్న అర్థంలో ‘వుడ్ హ్యావ్ బికమ్ ఎ డాక్టర్ బై నౌ’ అనడం మాత్రం తప్పు కాదు. అక్కడ ఫలితం ఈ క్షణానికి ముందే పూర్తయిన పని. రేడియోలో, సినిమాల్లో ఆంగ్లం వినేవారికి మరో చిక్కు ఎదురవుతుంది. ‘ఐడ్’ అని కుదించి పలికినప్పుడు అది ‘ఐ హ్యాడ్’ కావచ్చు, ‘ఐ వుడ్’ కావచ్చు. దాని వెనుక వీ త్రీ వస్తే హ్యాడ్ అనీ, వీ వన్ వస్తే వుడ్ అనీ తేల్చుకోవాలి. ‘ఇఫ్’ లేకుండానే ‘హ్యాడ్ ఇట్ రైన్డ్ ఇన్ జూన్’ అని హ్యాడ్‌ను ముందుకు తెచ్చే పద్ధతి పుస్తకాల్లోనూ కోర్టు తీర్పుల్లోనూ కనిపిస్తుంది. ప్రశ్న వాక్యమనుకొని తడబడకుండా దాన్ని షరతుగా గుర్తిస్తే చాలు, మాటల్లో వాడవలసిన పని లేదు. ‘ఇఫ్ హి వాజ్’ అనవచ్చా, ‘ఇఫ్ హి వర్’ అనే తీరాలా అన్న వాదానికి తరగతిలో ఎక్కువ సమయం పోతుంటుంది. రాతలో ‘వర్’ వాడితే ఎవరూ కాదనరు, మాటలో ‘వాజ్’ అన్నా ఎవరికీ అర్థం చెడదు.

వాస్తవం కావచ్చునని వదిలేసిన షరతుల్లో కూడా కాలాలు కలవవచ్చు. ‘ఇఫ్ హి లెఫ్ట్ ఆదిలాబాద్ అట్ నైన్, హి ఈజ్ ఇన్ బోథ్ బై నౌ’ అన్న వాక్యంలో అతను తొమ్మిదికి బయలుదేరాడో లేదో చెప్పేవారికి తెలియదు. ‘లెఫ్ట్’ ఇక్కడ నిజమైన భూతకాలమే, ఊహ కాదు. దీన్ని మిశ్రమ షరతు కింద చాలా పుస్తకాలు లెక్కించకపోయినా, భూతకాల రూపం కనబడగానే ఊహ అనుకోకూడదన్న హెచ్చరికగా ఇది పనికొస్తుంది.

ఉపాధ్యాయులు తరగతిలో టైపుల పట్టికను నల్లబల్ల మీద రాయడానికి ముందు, జరిగిన నిజాన్ని రెండు చిన్న వాక్యాలుగా పిల్లల చేతనే తెలుగులో చెప్పించడం మేలు: ‘జూన్‌లో వాన పడలేదు, ఇప్పుడు చెరువులో నీళ్లు లేవు.’ ఆ తరువాత వాటిని తమ ఇంటి మాటలో ‘జూన్‌ల వాన పడుంటే ఇయ్యాల చెరువు నిండుగ ఉంటుండె’ అని తిరగేయమనాలి. అప్పుడు మొదటి నిజం ఏ కాలానిది, రెండోది ఏ కాలానిది అని రెండుసార్లు విడివిడిగా అడిగి, మొదటి జవాబుకు ‘హ్యాడ్ రైన్డ్’, రెండో జవాబుకు ‘వుడ్ బి ఫుల్’ అందిస్తే, ‘ఇఫ్ ఇట్ హ్యాడ్ రైన్డ్ ఇన్ జూన్, ద ట్యాంక్ వుడ్ బి ఫుల్ నౌ’ అన్న వాక్యాన్ని పిల్లలే కట్టగలుగుతారు. తెలుగు ఉపాధ్యాయుడూ ఇంగ్లీషు ఉపాధ్యాయుడూ మాట్లాడుకొని చేదర్థకాన్నీ ఇఫ్ క్లాజ్‌నూ ఒకే వారంలో చెప్పడానికి ఏ ఉత్తర్వూ, ఏ కొత్త పుస్తకమూ అక్కరలేదు. ఈ విద్యాసంవత్సరంలోనే ఏ బడిలోనైనా దాన్ని మొదలుపెట్టవచ్చు.